కుర్చీలమ్మ ఇంట్లో పిచ్చి మొక్కలు

పొద్దున లేవగానే ఆ ఇంట్లో మొదటి పని మొక్కలు పీకడం. పాలు కాచడం, గదులు ఊడవడం అన్నీ ఆ తర్వాతే. గచ్చు పలకల సందుల్లోంచి, వంటింటి గట్టు కింద నుంచి, బాత్రూం గుమ్మం పక్క నుంచి, ఒక్కోసారి కుట్టుమిషను సొరుగులోంచి కూడా వచ్చేవి. వేలెడు ఉన్నప్పుడే పీకేస్తే వేరుతో సహా చేతిలోకి వచ్చేస్తాయి. బద్ధకించి మధ్యాహ్నం దాకా వదిలేస్తే మోకాలెత్తు పెరిగి, ముళ్ళు తేలి, చేతులు గీరేస్తాయి. అందుకని అత్తగారు ఒక మూల నుంచి, కోడలు ఇంకో మూల నుంచి మొదలుపెట్టేవారు. ఇద్దరూ మధ్యలో కలుసుకునేసరికి బుట్ట నిండేది. చెత్తబండివాడు ఆ బుట్ట బరువు చూసి, నిన్న గట్టిగానే అయినట్టుందే అని తనలో తనే అనుకుంటూ బండిలో దులుపుకుని పోయేవాడు.

సంగతేమిటంటే, కోడల్ని ఎవరైనా ‘పిచ్చి’ అన్న మాట పెట్టి అన్నప్పుడల్లా దగ్గర్లో ఉన్న సందులోంచి ఒక మొక్క లేచేది. పిచ్చిదానా అన్నా లేచేది, పిచ్చి వేషాలు వెయ్యకు అన్నా లేచేది. ఆమె చిన్నప్పటి నుంచీ ఇంతే. కొందరికి పొద్దున్నే తుమ్ములొస్తాయి, కొందరు నిద్రలో లేచి నడుస్తారు, ఈమెకిది. దీని గురించి వీధిలో ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. పిచ్చి అంటే పిచ్చి మొక్కే కదా మొలిచేది, ఇంకేం మొలుస్తుంది అనుకునేవాళ్ళు. పైగా ఇరుగుపొరుగుకి గోడకి చెవి ఆనించి వినే శ్రమ తప్పింది. పొద్దున బుట్ట చూస్తే రాత్రి ఎంత గొడవైందో తెలిసిపోయేది.

ఆమె పని కుర్చీలు చెయ్యడం. వీధి మలుపులో తండ్రి కట్టిన షెడ్డు, దాని వెనకాల ఇల్లు, రెండూ ఆమె పేరు మీదే ఉన్నాయి. షెడ్డు నిండా రంపాలు, ఉలులు, చిత్రికలు, గోడకి వేలాడే సగం సగం కుర్చీలు, ఎటు చూసినా చెక్కపొట్టు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక అది ఎప్పుడో మూలపడింది. అందరికీ ఆమె కుర్చీలమ్మే. కొత్త మనిషి లోపలికొస్తే లోకమంతా మొహం చూస్తుంది. ఈమె మాత్రం వాళ్ళెలా కూర్చుంటారో చూసేది. నడుం ఎక్కడ వంగుతోంది, పాదాలు నేలకి ఆనుతున్నాయా లేదా, బరువు ఏ పక్కన వేస్తున్నారు, ఇదే ధ్యాస. ఒకసారి పనిబడి బ్యాంకుకి వెళ్తే, మేనేజరు కదిలినప్పుడల్లా ఆయన కుర్చీ కిర్రుమంటోంది. ఉండబట్టలేక ఆయన్ని లేపి, కుర్చీని తిరగేసి బల్ల మీద పెట్టి, కాలి దగ్గర వదులైన చోట బిగించి, వెళ్ళిన పని కాస్తా మర్చిపోయి ఇంటికొచ్చేసింది. ఇంకోసారి తను చేసిచ్చిన కుర్చీ మీద ఎవరో ఉతికిన బట్టలు కుప్ప పోశారని తెలిసి, వాళ్ళింటికెళ్ళి పోట్లాడి, కుర్చీని నెత్తిన పెట్టుకుని తెచ్చేసుకుంది.

కుర్చీలంటే ఆవిడకి పిచ్చండీ అని జనం నవ్వుకుంటూ చెప్పుకునేవారు. ఆ మాటకి షెడ్డు గుమ్మంలో పచ్చటి పూల మొక్కలు మొలిచేవి, బొత్తాలంత పూలు. వాటిని ఆమె పీకేది కాదు. కాళ్ళకి అడ్డం పడేదాకా ఉండనిచ్చి, తర్వాత ఓ పక్కకి సర్దేది. తండ్రి బతికున్నప్పుడు, చెక్కపొట్టు కుప్పలో నిద్రపోయిన పిల్లని భుజాన వేసుకుంటూ, పిచ్చి తల్లీ, మంచం ఉండగా ఇక్కడేం నిద్రే అనేవాడు. అప్పుడొచ్చే మొక్కలు మెత్తగా, పిల్లి చెవుల్లా ఉండేవి. అలాంటివి ఆయన పోయాక ఇంక రాలేదు.

పెళ్ళైన కొత్తలో మొగుడు కూడా ఆ మాట బాగానే వాడాడు. అతను ఊళ్ళో పెద్ద సోఫాల షాపులో సేల్స్‌మన్. మాటలతో మనిషిని సోఫాలో కూర్చోబెట్టి, లేచేలోపు కొనిపించే రకం. నువ్వంటే నాకు పిచ్చి అని ఆమె చెవిలో అంటే, పొద్దుటికి మంచం కోడుకి తీగ చుట్టుకుని ఉండేది, గది గదంతా ఘుమఘుమలాడేది. అత్తగారు గుమ్మంలోంచే అది చూసి మొహం తిప్పుకుని, ఆ గదిలోవి మాత్రం మీరే పీక్కోండి, నావల్ల కాదు అని వెళ్ళిపోయేది. అప్పట్లో ఆ తీగకి ముల్లన్నది ఉండేది కాదు.

తర్వాత ఒక బిడ్డ పుట్టి, కళ్ళు తెరవకుండానే పోయింది. వచ్చినవాళ్ళందరూ గుమ్మంలో నిలబడి, పిచ్చిది, ఎలా తట్టుకుంటుందో ఏమో అన్నారు. ఒకళ్ళా ఇద్దరా, వీధంతా వచ్చి అదే అన్నారు. తలలు వాల్చిన బూడిదరంగు మొక్కలతో గది నిండిపోయి, మంచం దగ్గరికి దారి లేకుండా పోయింది. అవన్నీ మొగుడే మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుస్తూ, రెండు చేతులతో పీకి, ఆమె పక్కన కూర్చునేంత చోటు చేసుకున్నాడు. ఈ మాట కూడా చెప్పాలి కదా. అతను పుట్టుకతో చెడ్డవాడేం కాదు.

లేచి తిరగడం మొదలుపెట్టాక ఆమె షెడ్డులోనే ఉండిపోయింది. చెయ్యడం, చేసింది నచ్చక విప్పడం, మళ్ళీ చెయ్యడం. తిండి చల్లారిపోయేది. మొగుడొచ్చి పిలిస్తే, ఈ ఒక్క కుర్చీ చెయ్యీ బిగించి వస్తానండీ అనేది. వచ్చేది కాదు. ఏమిటీ పిచ్చి అని అతను విసుక్కునేవాడు, గడప దగ్గర ముళ్ళ మొక్క లేచేది. అత్తగారు మరీను. ఆవిడ నోట ఆ మాట ఊపిరంత తేలిగ్గా వచ్చేది. పిచ్చి మొహమా, చన్నీళ్ళు పోసుకోకు. పిచ్చి పనులు చాలించి తిను. పిచ్చిదానా, నా కళ్ళజోడు మీదే కూర్చున్నావు. బుట్టలో సగం ఆవిడవే. వేలు గుచ్చుకుంటే, నీ దుంపతెగ, ఇంత ముల్లేమిటే అని మొక్కనే తిట్టేది, దాన్ని మొలిపించింది తనేనని ఒప్పుకునేది కాదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్తుంటేనే ఒళ్ళు మండుతుంది. మగవాడు చేసే పని మీద ప్రాణం పెట్టుకుంటే దాన్ని పట్టుదల అంటారు, దీక్ష అంటారు, తపన అంటారు. పెళ్ళాం బిడ్డల్ని మర్చిపోతే ఇంకా గొప్పవాడంటారు, పేపర్లో ఫొటో వేస్తారు. ఇన్ని మాటలున్న భాషలో ఆడదాని దగ్గరికొచ్చేసరికి ఒక్క మాటే మిగులుతుంది. ముద్దుకీ అదే, జాలికీ అదే, తిట్టుకీ అదే వాడేస్తారు. వాడి వాడి చివరికి దాన్నొక తాళంకప్ప చేసి, తలుపుకి వేసేద్దామని చూస్తారు. ఆమె మొగుడు సరిగ్గా అదే చెయ్యబోయాడు.

సోఫాల షాపు యజమాని ఇంకో షాపు పెట్టాలనుకున్నాడు. వీధి మలుపులో ఉన్న షెడ్డు మీద అతని కన్ను పడింది. ఆ చోటు ఇప్పిస్తే కొత్త షాపుకి నువ్వే మేనేజరువి, నీకో అద్దాల గది కట్టిస్తానన్నాడు. ఆ అద్దాల గది మొగుడి బుర్రలోకి ఎక్కి కూర్చుంది. అసలే ఇల్లరికం వచ్చాడని ఎవరైనా నవ్వితే అతనికి చురుక్కుమనేది. నడుస్తుంటే అద్దాల గదే, తింటుంటే అద్దాల గదే. మరి దాన్నేమనాలో ఎవరూ అనలేదు. అతను మెల్లగా పెళ్ళాన్ని అడిగాడు. ఆమె నవ్వేసింది. మళ్ళీ అడిగాడు. ఇవ్వనంది. కుర్చీల కాలం పోయింది, మనుషులిప్పుడు మెత్తటివాటిలో కూరుకుపోవాలనుకుంటున్నారు అని నచ్చజెప్పాడు. కూరుకుపోయేవాళ్ళని కూరుకుపోనివ్వండి, నేను కూర్చోబెట్టేదాన్ని అంది. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు.

అడగడమే కాదు, ఆమెతో మాట్లాడటమే తగ్గించేశాడు. కోప్పడేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. ఇంటికొచ్చి, తిని, ఫోను చూసుకుంటూ పడుకునేవాడు. ముళ్ళ మొక్కలు తగ్గిపోయాయి. పొద్దున బుట్టలో అత్తగారివి తప్ప వేరేవి కనిపించేవి కావు. మావాడు మారాడే, ఎంత నెమ్మదించాడో చూడు అని అత్తగారు మురిసిపోయింది. కోడలికీ అలాగే అనిపించింది. చేతులకి గీతలు పడటం లేదు, అంతకంటే ఏం కావాలి. ఇద్దరూ పప్పులో కాలేశారు.

ఒకరోజు పొద్దున మొక్కలు పీకుతూ అత్తగారు ఉన్నట్టుండి ఆగిపోయింది. తల ఎత్తకుండా, పలక సందులోకి చూస్తూనే, ఇవాళ డాక్టరొస్తోంది, నిన్ను చూడటానికి అంది. తనకేం జబ్బని కోడలు అడిగింది. అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుని మొత్తం చెప్పేసింది. మనిషికి మతిస్థిమితం లేదని డాక్టరు రాసిస్తే చాలట. ఆమె పెట్టాల్సిన సంతకాలన్నీ మొగుడే పెట్టొచ్చట. ఊరి చివర ఎత్తు గోడల ఆసుపత్రిలో మంచం కూడా మాట్లాడి ఉంచాడట. మొక్కలే సాక్ష్యం అంటున్నాడు. ఈమెని ఎవరైనా పిచ్చి అంటే మొలుస్తుంది, ఇంకెవర్నంటేనూ మొలవదు, అంటే ఈమెలో ఉన్నట్టేగా అని డాక్టరుకి ముందే చెప్పాడట. డాక్టరు ఎదురుగా తనొకసారి అంటాడు, తల్లినొకసారి అనమన్నాడు. రోజూ అనే మాటేగా అమ్మా, ఇంకొక్కసారి అను అన్నాడట.

ఆమెకి కాళ్ళ నుంచి నెత్తి దాకా కోపం లేచింది. చేతిలో ఉన్న మొక్కని నలిపేసింది, ముళ్ళు దిగి నెత్తురొచ్చింది. షెడ్డులోకెళ్ళి ఏదైనా విరగ్గొట్టాలనిపించింది, తీరా వెళ్తే విరగ్గొట్టడానికి చేతులు రాలేదు. అతని గొంతు పట్టుకుని అడగాలనుకుంది. అంతలోనే ఇంకోటి తోచి అక్కడే నిలబడిపోయింది. అరిస్తే పిచ్చి అంటారు. ఏడిస్తే పిచ్చి అంటారు. నోరు మూసుకుని కూర్చుంటే ముదిరిపోయిందంటారు. ఏ దారిన పోయినా ఆ ఆసుపత్రి గేటే కనిపించింది. తన కోపం తను పడటానికి కూడా ఇంకొకరి అనుమతి కావాలా అని పళ్ళు నూరుకుంటూ, గుడ్డముక్క చేతికి చుట్టుకుని, చిత్రిక తీసుకుని పనిలో పడింది.

డాక్టరు మధ్యాహ్నం వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో నల్ల సంచీ, మొహం నిండా అలసట. మొగుడు ఎదురెళ్ళి సంచీ అందుకుని, ముందు గదిలో కూర్చోబెట్టాడు. డాక్టరు కుర్చీలో సర్దుకుని, పలకల సందుని తొక్కకుండా చెప్పు పక్కకి జరుపుకుంది. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడింది. కుర్చీలమ్మ షెడ్డులోంచి వచ్చి, గోడవారగా నిలబడి, చూడకూడదనుకుంటూనే డాక్టరు కూర్చున్న తీరు చూసింది. ఆవిడ బరువంతా ఎడమ పక్కకే వేస్తోంది.

"చూశారా?" అన్నాడు మొగుడు వెంటనే. "మొహం చూడదండీ. ఎవరొచ్చినా ఇలాగే నడుం కిందకే చూస్తుంది."

డాక్టరు ఏదో రాసుకుంది. ఆమెని నిద్ర పడుతోందా, తింటున్నావా, రోజంతా ఏం చేస్తావని అడిగింది. కుర్చీలమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. పనిలో ఉంటే తిండి గుర్తురాదంది. నిద్ర పడుతుంది గానీ, సగంలో ఏ కుర్చీ కాలో వంకరగా ఉందని గుర్తొస్తే లేచెళ్ళి సరిచేసి వస్తానంది. మొగుడు ప్రతిదానికీ, విన్నారా, విన్నారా అన్నట్టు తలాడించాడు. బిడ్డ సంగతి కూడా అతనే చెప్పాడు. సోఫా గుణాలు చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పాడు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ నిట్టూర్చాలో అక్కడ నిట్టూర్చి. కుర్చీలమ్మ గుడ్డ చుట్టిన చేతిని పిడికిలి బిగించింది.

"నీకేమైనా చెప్పాలనుందా అమ్మా?" అని డాక్టరు అడిగింది.

"నాకు చాలా కోపంగా ఉందండీ. అది కూడా రాసుకోండి."

డాక్టరు అది మాత్రం రాయలేదు. మొగుడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇంకా ఎందుకండీ ఈ ప్రశ్నలు, కళ్ళారా చూడండి, మీ ఎదురుగానే అంటాను, మీ ఎదురుగానే మొలుస్తుంది, తర్వాత మీరే రాయండి అన్నాడు. డాక్టరు సరేనంది. తనకి చిన్నప్పుడొక మేనత్త ఉండేదని, ఆవిడ నవ్వితే గదిలో గడియారాలు ఆగిపోయేవని, ఇలాంటి ఇళ్ళు తనకి కొత్త కాదని చెప్పి, చెప్పులు ఇంకాస్త వెనక్కి జరుపుకుని, నేల వైపు చూస్తూ కూర్చుంది.

అతను గొంతు సవరించుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. పెళ్ళాం వైపు వేలు చూపించి, "ఈమెకి పిచ్చి" అన్నాడు.

అందరూ నేల వైపు చూశారు. పలకల సందులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దుమ్ము కూడా కదలలేదు. మామూలుగా ఊపిరి తీసుకునేలోపే మొలవాల్సింది. అతను నవ్వి, ఒక్కోసారి ఆలస్యమవుతుందండీ అన్నాడు. ఎప్పుడూ ఆలస్యమవదని అత్తగారికి తెలుసు. మళ్ళీ అన్నాడు, ఈసారి పిచ్చిది అన్నాడు. ఏమీ రాలేదు. పిచ్చి ముదిరిపోయిందన్నాడు. పిచ్చి చూపులు, పిచ్చి చేతలు, పిచ్చి బతుకు అన్నాడు. లేచి నిలబడి, గొంతు పెంచి, మొహం ఎర్రగా చేసుకుని అరిచాడు. నటన ఎంత బాగా కుదిరినా నేల మాత్రం నున్నగా, అరచేయిలా ఉండిపోయింది.

అప్పుడతను చెమట తుడుచుకుని తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వను."

గదిలో అందరి కళ్ళూ ముసలావిడ మీదకెళ్ళాయి. కుర్చీలమ్మ కూడా ఆవిడనే చూసింది. అత్తగారి నోట ఆ మాట వస్తే ఎప్పుడూ ఉత్తినే పోదు. సణిగినా మొలుస్తుంది, ఆవలిస్తూ అన్నా మొలుస్తుంది. ఒక్క మొక్క లేస్తే చాలు, డాక్టరు రాసేస్తుంది. షెడ్డు పోతుంది, ఇల్లు పోతుంది, తను ఎత్తు గోడల వెనక్కిపోతుంది. ముసలావిడ గుమ్మం చెక్కని పట్టుకుని, ఖాళీ నేలని చూసింది, కొడుకుని చూసింది. ఇంతకాలం కొడుకు మారాడని మురిసిపోయిన మొహం నల్లబడింది.

"నేననను" అంది.

"రోజూ అంటావుగా! పొద్దున లేస్తే అదే మాట కదా నీకు?"

"రోజూ అనేది నా నోటి దూల. అది తినలేదని అంటాను, దాని చెయ్యి తెగిందని అంటాను. నువ్వనమన్నది అందుకు కాదు. నువ్వు చెప్పమన్నట్టు ఒక్క అక్షరం కూడా నా నోట రాదు. పో."

డాక్టరు పెన్ను మూత పెట్టేసింది. సాక్ష్యం చూపిస్తానన్నది మీరే, చూశాను, ఏమీ లేదు, లేనిదాన్ని ఉందని రాయడం నా వల్ల కాదు అని చెప్పి, సంచీ అందుకుని లేచింది. అతను గుమ్మం దాకా వెంటపడి, ఇంకోరోజు రమ్మని, పొద్దున పూటైతే బాగా మొలుస్తాయని బతిమాలాడు. ఆవిడ చెప్పులు సరిగ్గా తొడుక్కుని, వెనక్కి తిరక్కుండా వీధిలోకి నడిచి వెళ్ళిపోయింది.

కుర్చీలమ్మ ఇంకా ఆ నేల వైపే చూస్తోంది. బయటపడ్డానన్న సంతోషం ఆమెకి రాలేదు. వేరేదేదో వస్తోంది, దాని వేడికి చెవులు మండుతున్నాయి. చిన్నప్పటి నుంచీ ఆ మొక్కలు తనలోంచి వస్తున్నాయనుకుంది. తనలో ఏదో తేడా ఉంది, అందుకే మొలుస్తున్నాయి, కాబట్టి పీకాల్సింది కూడా తనే అనుకుని రోజూ నడుం వంచింది. ఇప్పుడు తను ఇక్కడే ఉంది, మాట కూడా అదే. అయినా మొలవలేదంటే అవి తనవి కావు. అన్నవాళ్ళవి. తండ్రి ముద్దు మొలిచింది, ఊరి మెచ్చుకోలు మొలిచింది, వీధివాళ్ళ జాలి మొలిచింది, అత్తగారి చిరాకు మొలిచింది. ఒకప్పుడు ఇతని మోహం మొలిచింది, కోపమూ మొలిచింది. ఇన్నేళ్ళూ వంగి వంగి తను పీకింది ఎవరి కలుపు?

మొగుడు లోపలికొచ్చి, డాక్టరు వదిలిన కుర్చీ పక్కన తన కుర్చీలో కూలబడ్డాడు. తల పట్టుకుని, మొలవలేదేమిటే అని ఆమెనే అడిగాడు. ఆమె ఏదో దాచేసినట్టు, ఆమె వల్లే అద్దాల గది పోయినట్టు అడిగాడు.

"మొలవడానికి మీలో ఏముందని?" అంది ఆమె. గొంతు వణికింది, వణకనిచ్చింది. "కోపంతో అని ఉంటే మొలిచేది. అసహ్యంతో అన్నా మొలిచేది. నా మీద అది కూడా లేదు మీకు. బిడ్డ పోయిన రోజు ఆ మొక్కలన్నీ పీకుతూ ఏడ్చారే, ఆ మనిషి నన్ను చంపేస్తానన్నా ఇంత మండేది కాదు నాకు. ఏమీ లేకుండా, ఉత్తి నోటితో, నన్ను గోడల వెనక పడేద్దామనుకున్నారు. సోఫా అమ్మినట్టు."

అతను, అలా మాట్లాడకు, నీ మంచికే చేశాను అన్నాడు. ఆ మాటతో ఆమెలో ఏదో తెగిపోయింది. పెళ్ళైన రోజు నుంచీ ‘మీరు’ అని తప్ప పిలవని మనిషి, చుట్టిన గుడ్డ విప్పి పారేసి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"లే" అంది.

అతనికి అర్థం కాలేదు. ఎక్కడికి లేవాలి అన్నాడు.

"ఎక్కడికో నాకేం తెలుసు? ముందు కుర్చీలోంచి లే. అది నేను చేసింది."

అతను లేచాడు. అలవాటుగా పక్క కుర్చీ వైపు చెయ్యి చాచాడు. అదీ ఆమె చేసిందే. కిటికీ దగ్గరున్నదీ, గోడవారగా ఉన్నదీ ఆమె చేసినవే. వంటింట్లో పీట కూడా. ఆ ఇంట్లో అతను ఆనుకోవడానికి ఆమె చెయ్యి పడని చెక్కముక్క లేదు. గది మధ్యలో, రెండు చేతులూ ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు, దారి వదల్లేదు.

చివరికతను గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకున్నాడు. తల్లి కూడా వస్తుందన్న ధీమాతో, సామాను తర్వాత తెప్పించుకుందాం, పద అమ్మా అని వెనక్కి తిరిగాడు.

ముసలావిడ వంటింటి గుమ్మం వదిలి నెమ్మదిగా ముందు గదిలోకి వచ్చింది. కొడుకు దగ్గరికి వెళ్ళలేదు. అతను లేచిన కుర్చీని కాస్త కిటికీ వైపు జరుపుకుని, అందులో కూర్చుంది.